‘క’ దగ్గర కాసేపు

పిండి మాట వింటుంది, దాని గొప్ప అదే, అనుకుంది లీనా, అరచేతి మడమతో దాన్ని ముందుకు తోసి, మడిచి, మళ్ళీ తోస్తూ. తోసిన వైపుకు సాగుతుంది, ఆపితే ఆగుతుంది, సగం దారిలో ఎందుకో తెలియకుండా బిగుసుకుపోదు. పొయ్యి మీద పాలలో గసగసాలు ఉడుకుతున్నాయి. కిటికీ అద్దానికి ఆవిరి పట్టి పెరడు మసకబారింది, ఆ మసకలో నాన్న ఒక నల్లటి మరక, పక్కన నిప్పు ఒక ఎర్రటి మరక. క్రిస్మస్ ముందురోజు మాంసం ముట్టరు కనుక చేపల పులుసే, ఆ పులుసు నాన్నదే, ఇంకెవరూ దాని దగ్గరికి పోకూడదు. గొలుసుకు వేలాడే డేగిసాలో గరిటె పెట్టకూడదట, చేప చితికిపోతుందట, చెవులు పట్టుకుని డేగిసానే అటూ ఇటూ తిప్పాలట. ఇదంతా ఆయన చెప్పింది కాదు, అమ్మ చెప్పింది. ఈ ఇంట్లో చెప్పవలసినవన్నీ అమ్మే చెప్పేది, బతికున్నన్నాళ్ళూ. గుమ్మం ముందు పోస్టుమానుతో, ఫోనులో కరెంటాఫీసు వాళ్ళతో, చర్చి మెట్ల మీద ఫాదర్‌తో, భర్త బదులు కూతురు బదులు తనే. నత్తి ఇద్దరిదీ, గొంతు ఒక్కతెది. ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఫోను మోగితే తండ్రీకూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, అది ఆగిపోయేదాకా.

"ఒసేయ్ లీనా, ఉన్నావా, పిండిలో మునిగిపోయావా?" పంచదార డబ్బాకు ఆనించిన ఫోనులోంచి వెద్రానా అరిచింది. ఒసియెక్ ఊళ్ళో ట్రాము నడిపే మనిషి. గంట కొట్టడానికి బద్ధకమైతే తల బయటపెట్టి కేకేస్తుందని జనం చెప్పుకుంటారు.

"ఉన్నా," అంది లీనా. తేలిక మాట అది.

"కాస్త మెల్లగా అరవ్వే, అగాతా ఇప్పుడే నిద్రలోకి జారుకుంది," అంది తెర కింది సగంలోంచి మిర్నా. భుజం మీద దుప్పటి మూట, మూటలోంచి పిడికిలంత తల. "ఆట మొదలవుతోంది. నేను నొక్కుతాను, వెద్రానా చదువుతుంది, లీనా బుర్ర పెడుతుంది. ఎప్పటిలాగే."

ఎప్పటిలాగే కాదు, అనుకుంది లీనా. మామూలుగా అయితే ఆదివారం సాయంత్రం, పని ముగించుకుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని ఆడతారు. తట్టిన మాట ఆమె వేళ్ళతో టైపు చేసి పంపుతుంది, అది మెరుపులా వెళ్ళిపోతుంది, వేళ్ళకు నత్తి లేదు. ఇవాళ పండగ పోటీ, పొద్దుటి నుంచీ ఒక్కొక్క జట్టునూ ఓడించుకుంటూ ఆఖరిదాకా వచ్చేశారు, వచ్చేస్తారని ఎవరనుకున్నారు, అనుకుంటే పిండి పొద్దున్నే కలుపుకునేది కదా. ఇప్పుడు రెండు చేతులూ మణికట్ల దాకా పిండిలో ఉన్నాయి, పిండి వదిలేస్తే చల్లారిపోతుంది, చల్లారితే పొంగదు, పొంగకపోతే అమ్మ చేసే గసగసాల చుట్ట కాదు, గసగసాల చెక్క అవుతుంది. కనుక ఇవాళ నోటితోనే.

తెర మీద నాలుగు వరుసలు, వరుసకు నాలుగు మూసిన గళ్ళు. గడి తెరిస్తే ఒక మాట బయటపడుతుంది. నాలుగు మాటల వెనక దాక్కున్న అయిదో మాటను పట్టుకుంటే ఆ వరుస మనది. అలా పట్టుకున్న నాలుగు మాటల వెనక ఇంకొకటి దాక్కుని ఉంటుంది, దాన్ని ముందుగా పట్టుకున్న జట్టుదే ఆట. పిల్లల ఆటే. కానీ జట్టుకు వెద్రానా పెట్టిన పేరు మూడు గుమ్మడికాయలు, ఇక్కడి మాటలో గుమ్మడికాయ అంటే బుర్ర తక్కువ మనిషి, ఆ మూడు గుమ్మడికాయలు ఊళ్ళో పేరున్న జట్లనన్నిటినీ ఎలా ఓడిస్తున్నాయో ఎవరికీ అంతుబట్టదు.

"ఎలుగుబంటి," చదివింది వెద్రానా. "మైనం."

"కొవ్వొత్తి!" అంది మిర్నా.

"ఎలుగుబంటికి కొవ్వొత్తి ఎందుకే, గుమ్మడికాయా, దానికేమన్నా కరెంటు పోయిందా?"

"తేనె," అంది లీనా. పిండి మీంచి తల ఎత్తకుండానే.

ఎలా పోతుందో మాట వెనక మాట, ఆమెకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు గానీ. ముప్పై ఏడేళ్ళ బతుకులో మాటలు వచ్చినప్పటి నుంచీ ఆమె చేస్తున్న పని ఇదే. మాట నోటి దాకా వస్తుంది, దాని మొదటి అక్షరాన్ని చీకట్లో మెట్టును తడిమినట్టు నాలుకతో తడుముతుంది, అది క అయినా ప అయినా ట అయినా గొంతులో తలుపు పడిపోతుందని తెలుస్తుంది, అంతలోనే పక్కకు తిరిగి ఇంకో మాటను వెతుక్కోవాలి, దాని చుట్టాన్నో, పొరుగుదాన్నో, పోలికదాన్నో. ఎదుటివాడికి అనుమానం రాకూడదు. ఒక మాట బదులు ఒక మాట, ఆ మాటా మొరాయిస్తే దాని బదులు మరొకటి, తలలో ఎప్పుడూ తెరిచి ఉన్న అంగడి అది. చదువుకున్నవాళ్ళకు ఒక వస్తువుకు ఒక పేరుంటే చాలు, ఆమెకు అయిదు కావాలి. బేకరీలో నెలవంకలా వంపు తిరిగిన వెన్నరొట్టె కావాలి ఆమెకు, చిన్నప్పటి నుంచీ, దాని పేరు కిఫ్ల. వెనక మనుషులు నిలబడి ఉంటారు, బేకరీ ఆవిడ కనుబొమలెత్తి చూస్తుంది, లీనా "జెమ్ల" అంటుంది, ఆవిడ గుండ్రటి చప్పిడి రొట్టె చేతిలో పెడుతుంది. ఎన్నేళ్ళు తిందో ఆ చప్పిడి రొట్టె. చివరికి ఇష్టం కూడా పడింది, మనిషి దేనికైనా అలవాటు పడుతుంది. ఒకతను ఉండేవాడు, మంచివాడే, ఆమె మాటలు తనే పూర్తి చేసేవాడు, పూర్తి చేయడం ప్రేమ అనుకునేవాడు, కానీ తప్పుగా పూర్తి చేసేవాడు. ఒక సాయంత్రం ద్రావా నది ఒడ్డున ఎంతో ధైర్యం చేసి, ఇక చాలు, మన దారులు వేరు అని చెప్పబోయింది, ఇక్కడి మాటలో ముగింపు కూడా క తోనే మొదలు, క... క... అంటూ ఉంటే అతను "కాఫీనా? పద తాగుదాం" అన్నాడు. తాగారు. ఆ కాఫీతో ఇంకో ఆరు నెలలు నడిచింది.

పేరుకు మాత్రం పక్కమాట ఉండదు. పేరు ఒక్కటే. ఎవరడిగినా, ఎప్పుడడిగినా అదే చెప్పాలి. హైస్కూలు మొదటి రోజు, కిటికీ పక్క బెంచీ, వాన, తడి కోట్ల వాసన, ఒక్కొక్కళ్ళూ లేచి పేరు చెప్పి కూర్చుంటున్నారు, వరుస దగ్గరపడుతోంది, మూడో పిల్ల, రెండో పిల్ల, ఈమె లేచింది. కరోలీనా. క దగ్గరే నోరు కరుచుకుపోయింది. ముఖంలోకి రక్తం, కళ్ళ ముందు బోర్డు పచ్చగా ఊగుతోంది, వెనక ఎవరో కిసుక్కుమన్నారు, పంతులమ్మ "ఊపిరి పీల్చుకో అమ్మా" అంది, అందరూ అదే అంటారు, ఇన్నాళ్ళూ ఊపిరి పీల్చకుండానే బతికినట్టు. అప్పుడు పక్కన కూర్చున్న పిల్ల, ఇంతకు ముందు ఎప్పుడూ చూడని పిల్ల, జడ చివర నములుతున్న పిల్ల, పెద్దగా "లీనా అండీ, దీని పేరు లీనా" అంది. ఎక్కణ్ణించి తెచ్చిందో. పేరు తోక పట్టుకుని లాగి ఇచ్చినట్టు ఇచ్చింది. ఆ రోజు నుంచీ ఇంట్లో కూడా లీనాయే, పనిచేసే ల్యాబులో గుండీకి తగిలించుకునే బిళ్ళ మీదా లీనాయే. ఆ పిల్ల మిర్నా. అప్పటి నుంచీ ఇప్పటిదాకా లీనా నోట్లో ఆగిన మాటను అందుకుని బయటపెట్టేది మిర్నాయే, ఆమె మాత్రం ఎప్పుడూ తప్పుగా పూర్తి చేయలేదు.

"ఏం ఆలోచిస్తున్నావే, రెండో వరుస తెరిచాం," అంది మిర్నా.

రెండో వరుస వెద్రానా పట్టుకుంది, మూడోది మిర్నా. ఆ ఆట గెలిచారు. వెద్రానా చేసిన అరుపుకు అగాతా ఉలిక్కిపడి మళ్ళీ సర్దుకుంది. ఇంకొక్క ఆట, అదే ఆఖరిది, అవతలి జట్టు జాదర్ ఊరి నుంచి ఎవరో ముగ్గురు. మొదలవడానికి కాస్త వ్యవధి ఉందని తెర మీద ఒక గంట ఊగుతోంది. వెద్రానా చేప పొలుసులు గీకడానికి కత్తి అందుకుంది, మిర్నా బిడ్డ వీపు నిమురుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఇప్పుడు చెప్పేయాలి, అనుకుంది లీనా. ఈ వ్యవధిలోనే. ఫాదర్‌కు ఇవాళ సాయంత్రంలోగా పేరు కావాలి.

పిండి మీద గుడ్డ కప్పాలి, కప్పలేదు, ఇంకా పిసుకుతూనే ఉంది, అక్కర్లేకపోయినా. గసగసాలకు గోధుమరంగు తిరిగింది, తేనె కలపాలి, నిమ్మతొక్క తురమాలి. కిటికీ గట్టు మీద సెయింట్ లూసీ రోజున పళ్ళెంలో చల్లిన గోధుమలు జానెడు పెరిగి పచ్చగా నిలబడ్డాయి, ఎర్ర రిబ్బను కట్టాలి, కట్టి మధ్యలో కొవ్వొత్తి పెట్టాలి. మిర్నా అడిగింది లూసీ రోజునే. మాట వదిలింది ఫోనులో, అది విన్నప్పుడు లీనా ల్యాబులో ఉంది, ఎదురుగా పైపళ్ళ వరుస, మైనంలో ఒక్కొక్క పన్నూ పేర్చుతోంది. దంతాల డాక్టరు పంపిన అచ్చుకు నోరు చేసిపెట్టడం ఆమె పని; ఎవరో ముసలాయన, ఎవరో పొలం మనిషి, పళ్ళూడి మాట తడబడుతున్నవాళ్ళు, ఆమె చేసిన పళ్ళు పెట్టుకుని క అంటారు, ప అంటారు, మనవళ్ళ పేర్లు పిలుస్తారు. ఆమెకు అప్పుడప్పుడు నవ్వొస్తుంది, ఊరందరికీ నోళ్ళు చేసిపెడుతున్నాను అని. "లీనా, నా అగాతాకు నువ్వే కుమగా ఉండాలి," అంది ఫోనులో మిర్నా, వెనకాల బిడ్డ ఏడుపు, కుళాయి నీళ్ళు, "క్రిస్మస్ మర్నాడు, సెయింట్ స్టీఫెన్ రోజున జ్ఞానస్నానం. నువ్వు తప్ప ఇంకెవరూ వద్దు నాకు. ఆలోచించుకునే చెప్పు." కుమ. జ్ఞానస్నానం తొట్టి దగ్గర బిడ్డను పట్టుకునే తల్లి. ఆ రోజు నుంచి రెండిళ్ళూ ఒకటి, వాళ్ళు వీళ్ళకు కుమలు, వీళ్ళు వాళ్ళకు కుమలు, ఇక్కడ రక్తం కన్నా గట్టి చుట్టరికం అది. పైపళ్ళ వరుస చేతిలో అలాగే పట్టుకుని లీనా మూడుసార్లు విన్నది. తిరిగి ఏం పంపింది? ఒక హృదయం బొమ్మ. ఎర్రటిది. హృదయానికి ఏ అర్థమైనా చెప్పుకోవచ్చు. మిర్నా మళ్ళీ అడగలేదు.

అడగదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు. అడిగితే రాలేనని చెప్పవచ్చు.

కష్టం ఎక్కడో లీనాకు తెలుసు, కిందటేడు వెద్రానా మేనల్లుడి జ్ఞానస్నానంలో నిలబడి అన్నీ విన్నది. సైతానును విడిచిపెడుతున్నావా అంటే తల్లిదండ్రులూ జ్ఞానతల్లీ అందరూ కలిసి విడిచిపెడుతున్నాను అంటారు, దానికి భయం లేదు, పదిమందితో కలిసి అంటే ఆమె నాలుక ఎక్కడా తట్టుకోదు, పాటలోనూ అంతే, చర్చిలో ఆమె పాట విని ముసలమ్మలు వెనక్కి తిరిగి చూస్తారు. కానీ దానికి ముందు ఒక ప్రశ్న ఉంది. ఫాదర్ జ్ఞానతల్లి వైపు తిరిగి, ఆమెనొక్కతెనే చూసి, ఈ బిడ్డ తల్లిదండ్రులకు తోడుగా ఉండడానికి సిద్ధమేనా అని అడుగుతాడు. అప్పుడు చర్చి అంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గి ఆపుకుంటారు. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు. ఆ ఒక్కటీ చాలు. బిడ్డ చేతుల్లో, నీళ్ళు తొట్టిలో, మిర్నా అత్తవైపు చుట్టాలందరూ కొత్త కోట్లలో, ఫోన్లు ఎత్తి పట్టుకుని వీడియో తీస్తూ, తన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయి. ఏళ్ళ తరబడి చూసుకుంటారు ఆ వీడియో. అగాతా పెద్దయి చూసుకుంటుంది, ఈవిడేమిటమ్మా ఇలా అని అడుగుతుంది.

నాన్నకు కూడా ఇలాగే జరిగింది. అమ్మ చెప్పింది, ఒక చలికాలం అక్రోట్లు కొడుతూ, ఆయన ఇంట్లో లేనప్పుడు. రైలు షెడ్డులో నాన్నకు యోజా అని ప్రాణస్నేహితుడు, ఒకే పెట్టెలో అన్నం, ఒకే సిగరెట్టు చెరి సగం. యోజాకు కొడుకు పుడితే కుమ్‌గా, అంటే జ్ఞానతండ్రిగా, నిలబడమని అడిగాడు. అడిగితే కాదనకూడదు ఇక్కడ, అది గుమ్మం ముందు ఉమ్మినట్టు. నాన్న ఆ రోజు డ్యూటీ ఉందని అమ్మ చేత కబురు పంపించాడు. యోజా ఇంకొకరిని పిలుచుకున్నాడు. తర్వాత వీధిలో కనిపిస్తే తల ఊపుకునేవాళ్ళు, అంతే, ఇరవై ఏళ్ళు తల ఊపుకున్నారు. "ఆ రోజు మీ నాన్న ఎక్కడున్నాడనుకున్నావు," అంది అమ్మ, సుత్తి ఎత్తి పట్టుకుని, "మన కట్టెల కొట్టంలో కూర్చున్నాడు. సాయంత్రం దాకా అక్కడే. తలుపు సందులోంచి విన్నాను. ఫాదర్ అడిగినట్టు తనే అడిగి, సిద్ధమే, సిద్ధమే అని తనే జవాబు చెప్పుకుంటున్నాడు. ఒక్కసారైనా తడబడలేదమ్మా." అక్రోటు పగిలింది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది.

లీనా దగ్గర వాక్యం తయారుగా ఉంది. ఈ పది రోజులుగా నూరుతోంది. అందులో క తో మొదలయ్యే మాట లేదు, ప తో లేదు, ట తో లేదు. నున్నటి వాక్యం, గులకరాయిలా.

"వచ్చిందొచ్చింది, ఆఖరి ఆట!" వెద్రానా కత్తి పక్కకు విసిరింది. "లేవండే గుమ్మడికాయల్లారా. వల, గాలం..."

"చేప," అన్నారు ముగ్గురూ ఒకేసారి. పండగ రోజున ఇదీ ఒక ప్రశ్నేనా. రెండో వరుసలో గొలుసు, తోక, కాపలా. కుక్క. మూడోదాన్లో ఆదివారం, గిన్నె, ఆవిరి. సూపు అంది మిర్నా. నాలుగోది ఆలస్యమైంది. కిరణం అని వచ్చింది, సూర్యుడంది వెద్రానా, కాదంది తెర, చీకటి గది అని వచ్చింది, ఫోటో అంది మిర్నా, అదీ కాదు, అవతల జాదర్ వాళ్ళు కూడా మూడు వరుసలు పట్టేశారని తెర మూల మీద చుక్కలు వెలిగాయి. ఆసుపత్రి అని వచ్చింది. "ఎక్స్‌రే," అంది లీనా, మాట తన్నుకుంటూ వచ్చి గట్టెక్కింది.

"అమ్మయ్య. చేప, కుక్క, సూపు, ఎక్స్‌రే. వీటి వెనక ఏముంటుందే? చేప, కుక్క, సూపు, ఎక్స్‌రే..." వెద్రానా నుదురు కొట్టుకుంది. "మా అత్తగారు!"

మిర్నా నవ్వాపుకోలేక బిడ్డను గట్టిగా అదుముకుంది. "ఆకలి? కాదు. జబ్బా? జబ్బు కొడుతున్నా. కాదంటోంది. లీనా?"

లీనాకు అప్పటికే తెలుసు. చేప గొంతులో గుచ్చుకునేది, కుక్క నమిలేది, సూపులో మరిగేది, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేది. చేప ముల్లుకూ ఆవు ఎముకకూ ఇక్కడ ఒకటే మాట, కోస్ట్. ఎముక. తప్పుకుని పోవాలి, చుట్టు తిరిగి చెప్పాలి, కుక్క నమిలేది అంటే చాలు మిర్నా అందుకుంటుంది, కానీ తప్పుకునే లోపే నోరు ఆ మాట మీదికి వెళ్ళిపోయింది. పది రోజులుగా ఒక క చుట్టూ తిరిగి తిరిగి అలసిపోయిందేమో నోరు. క. తలుపు పడింది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది, దవడ కింద నరం లాగింది, మెడ వెనక చెమట, చేతులు పిండిలో బిగిశాయి, పిండి వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది. తెర మీద కాలం గీత ఎర్రబడి కురచవుతోంది. మిర్నా చూస్తోంది. మిర్నాకు తెలుసు, ఆ నోటి ఆకారం చూస్తే చాలు ఆమెకు, ఇరవై మూడేళ్ళుగా చూస్తోంది, అను, అనేయవే, నువ్వే అనేయి, ఇందుకే కదా నువ్వున్నది. మిర్నా పెదాలు బిగించి పట్టుకుంది. వెద్రానా నోరు తెరవబోతే మిర్నా చెయ్యెత్తి ఆపడం లీనాకు కనిపించింది. క. గీత అగ్గిపుల్లంత అయింది. క. తెర బూడిదరంగుకు తిరిగింది, జాదర్ వాళ్ళ పేరు పక్కన నక్షత్రం మెరిసింది.

"కోస్ట్," అంది లీనా.

వంటింట్లో గసగసాల బుడగ పగిలిన చప్పుడు.

"ఒప్పే," అంది వెద్రానా మెల్లగా, జీవితంలో మొదటిసారి మెల్లగా. "నిజమే కదా. ఎముక."

లీనాకు కోపం వచ్చింది. ముఖంలోకి వేడి ఎక్కింది, కళ్ళలో నీళ్ళు కూడా, వాటిని తుడుచుకుందామంటే చేతులకు పిండి. "నీకు తె... తె... తెలుసు. నువ్వు అనలేదు."

"తెలుసు," అంది మిర్నా. "నువ్వు నోరు గుండ్రంగా చుట్టగానే తెలిసింది."

"ఓడిపోయాం!"

"పోతే పోయాం. గెలిస్తే బహుమతిగా ఒక పెనం ఇచ్చేవాళ్ళేమో, నా దగ్గర నాలుగున్నాయి." నవ్వబోయి మానేసింది. "ఇన్నేళ్ళూ నీ మాటలన్నీ నేనే లాక్కుంటున్నాను లీనా. స్కూల్లో ఆ మొదటి రోజు నించీ. నువ్వు ఎప్పుడన్నా అడిగావా లాక్కోమని?"

అడగలేదు. నిజమే, అడగలేదు. కానీ వద్దని కూడా అనలేదు, అనడానికి నోరు తిరగక కాదు, హాయిగా ఉండేది కనుక, వానలో ఎవరో గొడుగు పట్టినట్టు. గొడుగు పట్టినవాళ్ళ భుజం తడుస్తుందని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చెప్పేయాలి, కోపం ఉండగానే, కోపం చల్లారితే నోరు రాదు. లీనా గులకరాయి వాక్యాన్ని బయటికి తీసింది.

"వెద్రానా అయితేనే బావుంటుంది మిర్నా. ఆ రోజు నాకు ల్యాబులో అర్జెంటు, ఎవరో ఊరెళుతున్నారు, రాలేను. ఏమీ అనుకోవద్దు."

ఎంత సాఫీగా వచ్చిందో. ఒక్క గతుకు లేదు. రేడియోలో వార్తలు చదివినట్టు.

"సెలవు రోజున అర్జెంటుగా పళ్ళు కావలసింది ఎవడికే?" అంది వెద్రానా. "అయినా నన్నెందుకు లాగుతావు, నేను నిలబడితే ఫాదర్ నీళ్ళు నా మీద చల్లుతాడు, దయ్యం పోవాలని."

మిర్నా మాత్రం బిడ్డను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. ఫోనులో ఆమె ముఖం ఒక్క క్షణం మసకబారి మళ్ళీ తేటపడింది.

"లీనా," అంది, "నువ్వు తడబడకుండా మాట్లాడితే నాకు భయమేస్తుందే."

లీనా చేతులు ఆగిపోయాయి.

"మీ అమ్మ పోయిన రోజు గుమ్మం దగ్గర అందరికీ అలాగే చెప్పావు. ఏం ఫరవాలేదు, మేం బాగున్నాం అని. గడగడా. ఆ కాఫీ అతనితో తిరిగినన్నాళ్ళూ అలాగే. నీకు ఇష్టం లేని మాటలన్నీ నున్నగా వస్తాయి. నిజం మాట్లాడేటప్పుడే నీకు ఆగుతుంది. నాకు తెలీదనుకున్నావా? వద్దంటే వద్దను, నేనేం ఏడవను, కాస్త ఏడుస్తానేమో. కానీ నీ మాటల్లో చెప్పు. ఎంతసేపైనా చెప్పు. ఇక్కడెవరికీ బస్సు తప్పిపోదు."

"ట్రాము కూడా," అంది వెద్రానా. "ఇవాళ సెలవు."

ఎవరూ ఈ మాట చెప్పలేదు ఆమెకు. చిన్నప్పుడు తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టెను టకటకలాడించిన స్పీచ్ డాక్టరమ్మ చెప్పలేదు, అమ్మ కూడా చెప్పలేదు. అందరూ ఆగిపోవడం జబ్బన్నారు, సాగిపోవడం ఆరోగ్యమన్నారు. ఆగిన చోట తనుందని, సాగిన చోట లేదని ఎవరూ అనలేదు. ఆగిన చోట ఏముంది? భయం ఉంది. దాన్నే చెబితే? లీనా నోరు తెరిచింది, వాక్యమేదీ తయారుగా లేదు, వెలుతురు లేని మెట్ల మీద దిగినట్టు ఒక్కొక్క మాటకూ కాలు జాపి దిగింది.

"అంద... అందరూ చూస్తారు. నేను ఆ... ఆగిపోతాను. నీ బి... బి... బిడ్డ రోజు. ప... ప... పాడైపోతుంది."

చెప్పడానికి చాలాసేపే పట్టింది. ఈలోగా వెద్రానా చేతికంటిన చేప పొలుసును దులుపుకుంది, మిర్నా రెప్ప వేయకుండా విన్నది, ఇద్దరిలో ఎవరూ ఒక్క అక్షరం కూడా అందుకోలేదు. ఆ మాటలు బయట పడ్డాక చూస్తే ఏమంత పెద్దవి కావు.

"ఆగిపో," అంది మిర్నా. "ఫాదర్ ఆగుతాడు. ఆయనకు డబ్బిచ్చేది అందుకే. నీళ్ళు వెచ్చబెట్టి పోస్తారు, చల్లారితే మళ్ళీ వెచ్చబెడతారు. నవ్వేవాళ్ళుంటే నవ్వనీ, అగాతాకు ఊహ తెలిసేసరికి నువ్వెలా మాట్లాడతావో అదే మాట్లాడడం అనుకుంటుంది. మా కుమ మాట్లాడితే ఆగి వినాలి అని తెలుస్తుంది దానికి. ఆగి వినడం నేర్చుకున్న పిల్ల చెడిపోతుందా?"

అప్పుడే పెరటి తలుపు తెరుచుకుంది. చలిగాలితో పాటు పొగవాసన, పులుసు వాసన, కారం వాసన, వాటి మధ్య నాన్న. జూరో, రైలు షెడ్డులో నలభై ఏళ్ళు ఇనుము మోసి భుజాలు ఒరిగిన మనిషి, చేతిలో ఖాళీ మిరపపొడి సీసా. ఇంకో సీసా కోసం వచ్చాడు, త్వరగా వెళ్ళాలి, నిప్పు మీద డేగిసా తిప్పే మనిషి లేకుండా ఉంది. ఫోనులో ముఖాలు చూసి ఎప్పటిలాగే తల ఊపి, గోడవారగా అలమర వైపు నడిచాడు. లీనా తండ్రిని చూసింది. ఆయన వీపు చూసింది, కోటు మీద నిప్పురవ్వ చేసిన చిల్లు. చేతులు పిండిలోంచి తీసింది, ఎందుకో, చేతులు ఖాళీగా ఉండాలనిపించింది.

"ఉంటాను," అంది. "నేను. అగాతాకు. క..."

తలుపు పడింది. పడనీ. ఆమె దాన్ని తోయలేదు, పక్కదారి వెతకలేదు, దాని ముందు నిలబడింది. నాలుక అంగిట్లోనే ఉంది, ఉండనీ. తెరలో రెండు ముఖాలు, చిన్న తల, ఎవరూ కదలడం లేదు. అలమర దగ్గర చప్పుళ్ళు ఆగిపోయాయి. నాన్న ఇటు తిరిగాడు. ఆయనకు తెలుసు ఆమె ఎక్కడ ఉందో, ఈ ప్రపంచంలో ఇంకెవరికీ తెలియనంతగా తెలుసు, ఆయన దవడ కూడా బిగిసింది, ఆమెతో పాటు.

"కుమ," అంది లీనా.

మిర్నా ఏడ్చింది, చెప్పినట్టే కాస్త. వెద్రానా ఫోను అదిరిపోయేలా ఈల వేసింది, అగాతా లేచి కేరుమంది, మిర్నా బిడ్డను తెరకు అడ్డంగా ఎత్తి చూపించింది, "ఇదిగోనే, ఇదిగో మీ కుమ, పిండి ముఖంది," అంటూ. లీనా నవ్వుతూ ముంజేత్తో కళ్ళు తుడుచుకుంది, నుదుటికి పిండి అంటింది.

నాన్న బయటికి వెళ్ళిపోతాడనుకుంది. వెళ్ళలేదు. మిరపపొడి సీసా చంకలో పెట్టుకుని టేబులు దగ్గరికి వచ్చాడు, టోపీ తీశాడు, ఫోనుకు ఎదురుగా నిలబడ్డాడు. అమ్మ పోయాక ఆయన ఫోనులో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. అమ్మ ఉన్నప్పుడూ మాట్లాడలేదు.

"ఏంటి జూరో బాబాయ్?" అంది మిర్నా కళ్ళు తుడుచుకుంటూ.

ఆయన నోరు తెరిచాడు. ఇక మీదట ఈ ఇంటికీ ఆ ఇంటికీ ఉండే వరుసతోనే మిర్నాను పిలవాలని తెరిచాడు. "క..." అన్నాడు.

బయట పులుసు పొంగి నిప్పు మీద పడిన చప్పుడు గట్టిగా వినిపించింది, ఒకసారి, ఇంకోసారి. కిటికీలో ఆవిరి తెల్లగా లేచింది. ఆయన అటు చూడలేదు. లీనా అటు చూడలేదు. మిర్నా బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, వెద్రానా చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరూ ఆయన వైపే చూస్తూ కూర్చున్నారు.